టర్కీ మీద నెపం

పోయిన ఏడాది థాంక్స్‌గివింగ్ పండగ రోజున, మధ్యాహ్నం రెండూ పదికి, డువేన్ ట్వేట్ ఎడమ చెంప మెదిపిన బంగాళదుంపల గిన్నెలో ఆనింది. గిన్నె పెద్దది. దుంపలు వెచ్చగా ఉన్నాయి. మధ్యలో చేసిన గుంటలోంచి కరిగిన వెన్న కొంచెం కదిలి, అతని చెవి దాకా వచ్చి ఆగింది. డువేన్ ఒకసారి పెదవులు చప్పరించి నిద్ర కొనసాగించాడు. అతన్ని లేపవలసిన అన్న వెర్లిన్ అప్పటికే పక్క గదిలో, టీవీలో ఫుట్‌బాల్ ఆట ఎదురుగా, వాలుకుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. వెర్లిన్ భార్య ఆర్లిస్ వంగి మరిది ముక్కు ఎటుందో చూసింది. ముక్కు దుంపల బయటే ఉంది, గాలి ఆడుతోంది. అందుకని అతన్ని అలాగే ఉంచి, చెంప తగలని వైపు నుంచి నాలుగు గరిటెలు తీసి, అక్క కోసం డబ్బాలో సర్దింది.

తరవాత కోటు తొడుక్కుని, చేతిసంచీ తగిలించుకుని, ఇద్దరు నిద్రపోయే మగవాళ్ళ మధ్య నిలబడి గడియారం చూసింది. ఆమె కోపం సరిగ్గా అక్కడ మొదలైంది. ఏడాది గడిచినా చల్లారలేదు.

ఆ అక్క పేరు ఇడెల్లా. తల్లి పోయేనాటికి ఆర్లిస్‌కి ఆరేళ్ళు, ఇడెల్లాకి పంతొమ్మిది. పాలు పితికి, బడికి పంపి, జడలు వేసి, పెళ్ళి కూడా తనే చేసి, తను మాత్రం పెళ్ళి మాట మరిచిపోయిన మనిషి. ఎనభై దాటాక తుంటి విరిగింది. అప్పట్నుంచీ నలభై మైళ్ళ దూరంలో నెల్సన్‌వేల్‌లో వృద్ధుల హోమ్‌లో, చక్రాల కుర్చీలో ఉంటోంది. ఆర్లిస్ ఇంటికి ఏడు మెట్లు. వాటి మీదుగా ఆ కుర్చీ ఎక్కదు. అందుకని పండగ భోజనం అయ్యాక చెల్లెలే వెళ్ళాలి, ఇద్దరు మగవాళ్ళు అక్కని కుర్చీలోంచి ఎత్తి కారులో కూచోబెట్టాలి, అక్కణ్ణుంచి ఆరు మైళ్ళు పోయి వాళ్ళ పాత పొలం చుట్టూ ఒకసారి తిప్పి తీసుకురావాలి. ఇడెల్లా ఏడాది మొత్తానికి అడిగేది ఇదొక్కటే. అది కూడా నోరు తెరిచి అడగదు. పండగ నాడు రెండు గంటలకల్లా మెరూన్ రంగు ఉన్ని కోటు వేసుకుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర కూచుంటుంది.

మినెసోటాలో నవంబరు నెలాఖరున నాలుగున్నర దాటితే వెలుతురుండదు. హోమ్‌లో పండగ రోజున ఐదింటికి తలుపు వేసేస్తారు.

ఆర్లిస్‌కి ఇదివరకు కారు నడపడం బాగానే వచ్చు. కంట్లో నరం దెబ్బతిని, రెండున్నరేళ్ళ కిందట లైసెన్సు తనే తీసుకెళ్ళి ఇచ్చేసింది. ఆ తరవాత మొదటి పండగకి వెర్లిన్ మూడూ ముప్పావుకి లేచాడు. వెళ్ళేసరికి చీకటి. పొలం లేదు, ప్రయాణం లేదు, వాకిట్లో ఇరవై నిమిషాలు కూచుని వచ్చారు. రెండో ఏడాది, అంటే దుంపల ఏడాది, ఆర్లిస్ ఇద్దర్నీ చెరో భుజం పట్టి నాలుగుసార్లు కుదిపింది. నాలుగుసార్లూ ఇద్దరూ ఒకే గొంతుతో “ఐదు నిమిషాలు” అన్నారు. హోమ్ చేరేసరికి ఐదూ ఇరవై. తలుపు వేసేశారు. గంట కొడితే ఒక పనమ్మాయి వచ్చి, తలుపు కొంచెం తెరిచి, పెద్దావిడని పడుకోబెట్టేశామని చెప్పింది. కోటు మాత్రం విప్పనివ్వలేదట. బొత్తాలు పట్టుకుని, “వస్తారు, వస్తారు” అంటూ కోటుతోనే పడుకుందట.

ఆర్లిస్ దుంపల డబ్బా ఆ అమ్మాయి చేతిలో పెట్టి వెనక్కి వచ్చి కారులో కూచుంది. కోటు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుంది, ఏడిస్తే వెర్లిన్ ఓదారుస్తాడు, అప్పుడు తను అతన్ని ఏదైనా చేసేస్తుందని ఆమెకి నమ్మకంగా అనిపించింది. పాతిక మైళ్ళు పోయాక వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు.

“టర్కీ కోడి మాంసంలో ఏదో ఉంటుంది, ఆర్లిస్. తిన్నాక మనిషి చేతిలో ఏముంది?”

మా మినెసోటా వైపు కోపం వస్తే ఎవరూ అరవరు. అల్మారా తలుపు వేసేటప్పుడు ఆఖరి అంగుళం దగ్గర చెయ్యి వదిలేస్తారు, అంతే. ఆ ఏడాదంతా ట్వేట్ వాళ్ళింట్లో తలుపులన్నీ ఆఖరి అంగుళం ఒంటరిగానే ప్రయాణం చేశాయి. వెర్లిన్ ఆ తలుపుల కీళ్ళకి నూనె వేశాడు. దాంతో ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

అసలు ఆ టర్కీ కబురు ఇంట్లోకి తెచ్చింది డువేన్. పళ్ళ డాక్టరు దగ్గర కూచున్నప్పుడు ఏదో పత్రికలో చదివాడట. టర్కీ మాంసంలో ట్రిప్టోఫాన్ అని ఒక పదార్థం ఉంటుందనీ, అది మెదడులోకి పోయి నిద్రమందులా పనిచేస్తుందనీ, పాపం మనిషి తప్పేమీ లేదనీ. పదిహేనేళ్ళుగా ప్రతి పండగకీ బెల్టు ఒక చిల్లు వదులు చేసుకుంటూ అదే ప్రసంగం చేస్తాడు. ఆ ప్రసంగం ఎవరి ముందు చేస్తున్నాడు? హాల్వర్ ఊళ్ళో టర్కీల దాణా మిల్లులో ఇరవై ఆరేళ్ళు పరీక్షల గదిలో పనిచేసిన మనిషి ముందు. తెల్ల కోటు వేసుకుని, మూట మూటకీ ఒక సీసాడు దాణా తీసి, తేమ ఎంత, మాంసకృత్తులు ఎంత అని తేల్చిన మనిషి ముందు. ట్రిప్టోఫాన్ డువేన్‌కి పత్రికలో మాట. ఆర్లిస్‌కి మూడో అరలో ఎడమ పక్కనుండే డబ్బా. ఆ పొడి కలిపిన దాణా లక్షల టర్కీలు తిన్నాయి. వాటి షెడ్ల చుట్టూ ఆమె తిరిగినన్నాళ్ళూ ఒక్క టర్కీ కూడా ముక్కు దాణాలో పెట్టి గురక తీయడం చూడలేదు.

ఇన్నాళ్ళూ ఆ ప్రసంగాన్ని మర్యాదకి వినేసింది. కోటు సంగతి విన్నాక మర్యాద అయిపోయింది. అబద్ధం చెప్పి నిద్రపోవడం ఒక ఎత్తు, తను రోజూ తూచిన వస్తువు పేరు పెట్టుకుని నిద్రపోవడం ఇంకో ఎత్తు.

అక్టోబరులో ఒకరోజు మిల్లులో దాణా పాళ్ళు కట్టే హాగెన్‌కి ఫోన్ చేసింది. ఆయనా రిటైరయ్యాడు, అడిగేవాళ్ళు లేక ఉన్నాడు, గంటంబావు మాట్లాడాడు. ఆర్లిస్ కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనకాల రాసుకుంది. కోడిలో ఎంతుందో టర్కీలోనూ అంతే, చీజ్‌లో అంతకంటే తక్కువేమీ కాదు. పైగా ట్రిప్టోఫాన్ ఒంటరిగా రాదు. మాంసంలో దాని తోటివాళ్ళు, అంటే వేరే ఆమైనో ఆమ్లాలు, బోలెడుమంది ఉంటారు, మెదడుకున్న తలుపు ఒకటే, తోపులాటలో ఇది అందరికంటే బక్కది. వెనకబడిపోతుంది. దుంపలూ రొట్టే తీపీ మెండుగా పడితే ఇన్సులిన్ లేచి, ఆ తోటివాళ్ళలో చాలామందిని కండల్లోకి తరిమేస్తుంది. అప్పుడు బక్కదానికి కాస్త దారి దొరకొచ్చు. అది కూడా పెద్ద సంగతి కాదు, పండగ పళ్ళెంలో మాంసం కూడా ఉంటుంది కదా అన్నాడు హాగెన్. అసలు సంగతి ఏమిటంటే, కడుపు పగిలేలా తినడం, వెన్నా కొవ్వూ, బీరు, వెచ్చటి గది, మెత్తటి కుర్చీ. వీటన్నిటికీ తోడు మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో మనిషి ఒంట్లో గడియారం ఎలాగూ కాస్త దిగుతుంది, తిన్నా తినకపోయినా. ఇందులో ఇంకా తేలనివి చాలా ఉన్నాయనీ, అయినా టర్కీ మీద పెట్టిన కేసు మాత్రం ఏ కోర్టులోనూ నిలవదనీ చెప్పి, ఆయన ఇంతకీ ఎందుకని అడిగాడు.

మా ఇంట్లో ఇద్దరు ముద్దాయిలున్నారంది ఆర్లిస్.

ఈ ఏడాది పండగ నాడు ఉదయం తొమ్మిదికి వంటిల్లు ఎప్పటిలాగే ఘుమఘుమలాడింది. టర్కీ, దుంపలు, రొట్టెముక్కల స్టఫింగ్, గ్రేవీ, మిఠాయిలా చేసిన చిలగడదుంపలు, గుమ్మడికాయ తీపి, పెకాన్ పప్పు తీపి. డువేన్ పదిన్నరకే వచ్చాడు, భోజనం పదకొండింటికని ఆర్లిస్ ఫోన్‌లో చెప్పింది కాబట్టి. అంత పెందలాడే ఎందుకని అన్నదమ్ములిద్దరూ కళ్ళతోనే ఒకర్నొకరు అడుక్కున్నారు. అల్మారా తలుపు ఒకటి ఆఖరి అంగుళం ప్రయాణం చేసింది. ఇద్దరూ బల్ల దగ్గర కూచున్నారు. దేవుడికి దండం పెట్టుకుని కళ్ళు తెరిచారు.

బల్ల మీద టర్కీ ఉంది. చిక్కుడుకాయలున్నాయి. నీళ్ళున్నాయి.

వెర్లిన్ బల్లని ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. “ఇదేదో వేరుగా ఉందే,” అన్నాడు.

మా వైపు ఒక వంట గురించి ఇంతకంటే ఘోరమైన మాట లేదు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదలు. ఆర్లిస్ విననట్టే మాంసం కోసి వడ్డించింది. డువేన్ బీరు లేదా అనలేక నీళ్ళ గ్లాసుని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. వాళ్ళు తిన్నారు. మాంసం బాగుంది, ఆ సంగతి కాదనడానికి లేదు. మిగిలినవి వెనకాల వస్తాయన్న ఆశతో ఇద్దరూ వంటింటి వైపు చూస్తూ తిన్నారు. ఏవీ రాలేదు.

“టర్కీ ఎక్కువ పెట్టేశావు ఆర్లిస్,” అన్నాడు డువేన్, అలవాటుకొద్దీ బెల్టు మీద చెయ్యి వేస్తూ. “చూస్తుండు, పది నిమిషాల్లో పడిపోతాను. ఆ ట్రిప్టో...”

“ఆ పేరు పలకొద్దు,” అంది ఆర్లిస్.

గొంతు పెంచలేదు. అయినా డువేన్ చెయ్యి బెల్టు మీద నుంచి దానంతటదే లేచింది.

“ఇరవై ఆరేళ్ళు దాన్ని తూచాను డువేన్. నువ్వు ఒక్క రోజు, నోట్లో దూది పెట్టించుకుంటూ చదివావు. ఇవాళ నీ పళ్ళెంలో టర్కీ ఒక్కటే ఉంది. పోయిన ఏడాది కంటే రెండు ముక్కలు ఎక్కువే వేశాను. ఏదీ, నిద్రపో చూస్తాను.”

డువేన్ నిజాయితీగా ప్రయత్నించాడేమో అనిపించింది. రెప్పలు రెండుసార్లు ఆర్పాడు. నిద్ర ఆనవాళ్ళు ఎక్కడా లేవు. ఆకలి మాత్రం కొంచెం ఉంది. ఆర్లిస్ తలుపు కథ, తోపులాట కథ, హాగెన్ చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పింది. బక్కదాన్ని ముందుకు తోసేది దుంపలైతే, మనిషిని పడగొట్టేది మూడో విడత వడ్డన అనీ, నాలుగో బీరు అనీ, ఆ వెధవ కుర్చీ అనీ వేలు చూపించి మరీ చెప్పింది. ఆ పక్షి ఏ పాపమూ ఎరగదంది. చచ్చి, ఈకలు పీకించుకుని, పొయ్యిలో నాలుగు గంటలు కాలి, ఆఖరికి మీ నిద్రకి సాక్ష్యం కూడా అదే చెప్పాలా అంది.

భార్య కోపంలో ఉన్నప్పుడు వెర్లిన్ వాలుకుర్చీలోకి వెళ్ళిపోతాడు. నలభై ఏళ్ళ పద్ధతి అది. లేచి పక్క గదిలోకి నడిచాడు. వాలుకుర్చీలో మెదిపిన దుంపల గిన్నె కూచుని ఉంది. మూత పెట్టి, రెండు తువ్వాళ్ళు చుట్టి, వెచ్చగా. పక్కన డువేన్ ఎప్పుడూ వాలే సోఫాలో స్టఫింగ్ ఒక చోటా, రెండు తీపి పళ్ళేలు ఒక చోటా పడుకుని ఉన్నాయి. గ్రేవీ ఫ్లాస్కు దిండుకి చేరగిలబడి ఉంది. టీవీలో ఆట మొదలైంది. వెర్లిన్ నిలబడ్డాడు.

“ఇవన్నీ...”

“ఇడెల్లా దగ్గరికి వెళ్తున్నాయి,” అంది వెనకాలే వచ్చిన ఆర్లిస్. “తినాలనుకున్నవాళ్ళు వాటితో పాటు వెళ్ళొచ్చు.”

“ఇప్పుడా? సాయంత్రం వెళ్తాంగా. ఎప్పుడూ వెళ్ళేదేగా.”

ఏడాదిగా నోట్లో పెట్టుకున్నది అప్పుడు బయటికి వచ్చేసింది.

“పోయిన ఏడాది కోటు విప్పనివ్వలేదట,” అంది ఆర్లిస్. “మనం వస్తామని. బొత్తాలు గట్టిగా పట్టుకుందట. కోటుతోనే పడుకోబెట్టారు.”

వెర్లిన్ టీవీ ఆపేశాడు. పెళ్ళికి ముందు అతను ఆ పొలానికి వచ్చినప్పుడల్లా ముందుగా కనపడేది ఇడెల్లాయే, బూట్లు తుడుచుకుని రమ్మని గుమ్మంలో నిలబడి.

“ఈ సంగతి నాకెప్పుడు చెప్పావు?” అన్నాడు.

“నువ్వెప్పుడు మెలకువగా ఉన్నావు?”

వెర్లిన్ వంగి, తువ్వాళ్ళు చుట్టిన గిన్నెని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకుని, కారు దగ్గరికి నడిచాడు. డువేన్ గ్రేవీ ఫ్లాస్కు తీసుకున్నాడు. బూటు లేసులు కట్టుకోవడం మరిచిపోయి, ఏడు మెట్లూ జాగ్రత్తగా దిగాడు.

హోమ్‌కి ఒంటిగంటకి చేరారు. తలుపు దగ్గర ఇడెల్లా లేదు. లోపలికి వెళ్ళి చూస్తే ఆవిడ తన గదిలో, స్వెట్టర్‌తో, కిటికీ దగ్గర పేక ముక్కలు పరుచుకుని ఉంది. కోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ముగ్గుర్నీ ఒకేసారి గుమ్మంలో చూసి ముక్కలు కింద పెట్టేసింది.

“ఎవరు పోయారు?” అంది.

ఎవరూ పోలేదనీ, ఊరికే పెందలాడే వచ్చామనీ ముగ్గురూ కలిసి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నమ్మలేదు. కోటు తొడుగుతుంటే కూడా వెర్లిన్ ముఖంలోకి అనుమానంగానే చూసింది. “నీ ఒంట్లో బాగానే ఉందా నాయనా? ఈ టైముకి కళ్ళు తెరుచుకుని ఉన్నావే?” అంది. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. బొత్తాలు తనే పెడతానన్నాడు. పై నుంచి మొదలుపెట్టి ఒకటి తప్పుగా పెట్టాడు, మళ్ళీ అన్నీ విప్పి పెట్టాడు.

అన్నదమ్ములిద్దరూ ఆవిడని గాల్లోకి ఎత్తి కారు ముందు సీట్లో దింపారు. డువేన్ ఇంత తేలికా అని నోరు జారబోయి మానేశాడు. పొలం దగ్గర ఇల్లు లేదు, కొట్టేసి చాలా ఏళ్ళయింది. గాలికి అడ్డంగా వాళ్ళ నాన్న నాటిన చెట్ల వరసా, మేత నింపే సిమెంటు గోపురమూ మిగిలాయి. వెలుతురు నిండుగా ఉంది. ఇడెల్లా కారు ఆపమంది, అద్దం దించమంది, చలిగాలి అందర్నీ కోసేస్తుంటే తీరిగ్గా చూసింది. పాలు పితికే పాక ఎక్కడుండేదో, చిన్నప్పుడు చెల్లెలు ఎక్కడ పడి మోకాలు చీరుకుందో వేలుతో చూపించింది. ఇంకోసారి చుట్టూ తిప్పమంటే వెర్లిన్ తిప్పాడు. చెప్పకుండానే ఇంకోసారి తిప్పాడు. వెనక సీట్లో ఆర్లిస్ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంది. కోపం అప్పటికి మొత్తం పోయిందని చెప్పడానికి లేదు. అది కాస్త కాళ్ళు ముడుచుకుని కూచుంది, అంతే.

హోమ్‌కి తిరిగొచ్చేసరికి రెండున్నర. టీవీ గదిలో ఒక మూల బల్ల మీద గిన్నెలన్నీ విప్పారు. దుంపలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఉదయం నుంచీ మాంసం, చిక్కుడుకాయల మీద బతికిన మగవాళ్ళిద్దరూ ఏడాది కరువు తీరినట్టు తిన్నారు. దుంపలు మూడుసార్లు, స్టఫింగ్ రెండుసార్లు, తీపి రెండు రకాలూ. ఆర్లిస్ వద్దనలేదు. పైగా గ్రేవీ ఇంకో గరిటె పోసింది. డువేన్ బెల్టు దగ్గర చెయ్యి పెట్టి, ఆర్లిస్ కళ్ళలోకి చూసి, ప్రసంగం మింగేశాడు. మూడూ పావుకి కిటికీ దగ్గర ఎండ పడే చోట రెండు వాలుకుర్చీలు వాళ్ళకి ఖాళీగా కనిపించాయి.

ఐదు కావస్తుండగా పనమ్మాయి టెస్సా వచ్చింది. కిందటి ఏడాది తలుపు తీసిన అమ్మాయే. అక్కచెల్లెళ్ళిద్దరూ పేకాడుతున్నారు. ఇడెల్లా కోటు విప్పేసి పక్క కుర్చీకి తగిలించుకుని, గెలుస్తోంది. మా వైపు మర్యాద ప్రకారం టెస్సా ముందు వాతావరణం గురించి అంది, తరవాత తీపి బాగుందంది, ఆ తరవాత కిటికీ వైపు చూసింది. అక్కడ వెర్లిన్, డువేన్ పక్కపక్కన, నోళ్ళు తెరుచుకుని, ఒకరి గురక ఆగిన చోట ఒకరు అందుకుంటున్నారు. ఎదురుగా ఆ హోమ్‌లోనే ఉండే తొంభై ఏళ్ళ లోకెన్, ఆయన స్నేహితుడూ చేతికర్రల మీద ఆనుకుని నిలబడి తమ కుర్చీల వైపు దిగులుగా చూస్తున్నారు.

“ఏమీ అనుకోకండి, తలుపు వేసే టైమవుతోంది,” అంది టెస్సా. “అవి వాళ్ళ కుర్చీలు, గంటన్నర నుంచీ నిలబడ్డారు. మీవాళ్ళని మూడుసార్లు లేపాను, ఐదు నిమిషాలంటున్నారు.”

ఆర్లిస్ చేతిలో ముక్కలు సర్దుకుంది.

“టర్కీ తిన్నారమ్మా, మనిషి చేతిలో ఏముంది?”